దున్నేది ఒకరు, పాసుపుస్తకం మరొకరిది

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావాటికి ఊళ్లో ఎంతో కొంత పొలం ఉంది. మూడెకరాలో ఆరెకరాలో, తాత పేరు మీద నుంచి తండ్రి పేరు మీదికి, అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు పేరుకో కూతురి పేరుకో మారిన పొలం. దాన్ని ఊళ్లో ఎవరో చేసుకుంటుంటారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు కౌలు డబ్బు చేతికొస్తుంది, లేదంటే ఫోన్‌పేలో పడుతుంది. ఇదే నగరంలో వర్తూరు, సర్జాపుర, హెణ్ణూరు వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల పక్కన రేకుల షెడ్లలో ఉండే తెలుగువాళ్లూ ఉన్నారు. కదిరి, మడకశిర, ఆదోని, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి బేల్దారి పనికి, సెంట్రింగు పనికి, మట్టి పనికి వచ్చినవాళ్లు. ఊళ్లో ఉన్న నెలల్లో ఎవరిదో పొలం గుత్తకో, కోరుకో అంటే పంటలో వాటాకో చేసి, వాన ఎగ్గొట్టాకో అప్పు తీర్చలేకో బస్సెక్కినవాళ్లు వీళ్లలో తక్కువేమీ కాదు.

భూమి కాగితం ఉన్న తెలుగువాళ్లు, భూమి పని తెలిసిన తెలుగువాళ్లు ఒకే పేటలో, ఒకే గోడకు అటూ ఇటూ బతుకుతున్నారు. వీళ్ల మధ్య ఉన్న సంబంధానికి చట్టంలో పేరు లేదు. డెబ్బై ఏళ్ల భూసంస్కరణలు ఎక్కడ ఆగిపోయాయో తెలుసుకోవాలంటే ఆ పేరులేనితనం దగ్గరే మొదలుపెట్టాలి.

భూసంస్కరణలు ఎందుకు విఫలమయ్యాయన్న ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబు, భూస్వాములు చట్టాలకు కన్నాలు వేశారని. అది నిజం. అయితే అది సగం జవాబే. ఇదే దేశంలో కొన్నిచోట్ల సంస్కరణ నిలబడింది. నిలబడిన చోట్లను, కూలిన చోట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పొలం ఎవరు చేస్తున్నారని ఊరికి వెళ్లి, ఊరి నోటితో చెప్పించుకున్న చోట పేదవాడికి భూమో, దాని మీద హక్కో దక్కింది. రెవెన్యూ కచేరీలో కూర్చుని ఎవరి పేరుందని పుస్తకం తెరిచిన చోట దక్కలేదు.

ముందుగా సమస్య ఎంతదో చూద్దాం. 1951 జనగణనలో సొంతంగా సాగుచేసేవాళ్లు సుమారు 7 కోట్లు, వ్యవసాయ కూలీలు 2.7 కోట్లు. 2011 నాటికి సాగుదారులు 11.9 కోట్లయితే కూలీలు 14.4 కోట్లు. స్వతంత్ర భారతంలో రైతుల కంటే రైతు కూలీలు ఎక్కువైనట్టు జనగణన చూపడం అదే మొదటిసారి. అంతకు ముందు పదేళ్లలో సాగుదారుల సంఖ్య 12.7 కోట్ల నుంచి తగ్గింది, కూలీల సంఖ్య 10.7 కోట్ల నుంచి పెరిగింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు. నూటికి 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువే. మహిళల చేతిలో ఉన్న కమతాలు నూటికి 14 కూడా లేవు. పొలంలో నాట్లు, కలుపులు, కోతలు ఎవరు చేస్తారో తెలిసినవాళ్లకు ఈ చివరి అంకె ఎంత అన్యాయమో విడిగా చెప్పనక్కర్లేదు.

భూ పరిమితి కథ త్వరగా ముగించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1961 నాటి చట్టం భూమి రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. 324 ఎకరాలు పరిమితి ఎలా అవుతుందో ఆ చట్టం రాసినవాళ్లకే తెలియాలి. 1973 చట్టం దాన్ని మాగాణిలో 10 నుంచి 27 ఎకరాలకు, మెట్టలో 35 నుంచి 54 ఎకరాలకు దించింది. కానీ పరిమితి వస్తోందని చాలా ఏళ్ల ముందే అందరికీ తెలుసు. భూములు బంధువుల పేర్లకు, పాలేర్ల పేర్లకు, పుట్టబోయే పంపకాల పేర్లకు చేరిపోయాయి. మిగులుగా తేలింది చాలావరకు రాళ్లగుట్ట, చవుడు. అంతకుముందు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వందెకరాలు ఇవ్వడంతో మొదలైన భూదానం కూడా చివరికి ఇక్కడికే వచ్చింది. దానపత్రాలు చేరాయి. కొలిచి, హద్దురాళ్లు పాతి అప్పగించాల్సిన పని చాలాచోట్ల మిగిలిపోయింది.

టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 16 భారతీయ రాష్ట్రాల్లో 1958 నుంచి 1992 దాకా వచ్చిన భూచట్టాలను, గ్రామీణ పేదరికాన్ని పోల్చి 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. జమీందార్ల వంటి మధ్యవర్తుల రద్దు, కౌలు సంస్కరణ జరిగిన చోట పేదరికం తగ్గినట్టు, భూ పరిమితి చట్టాలకు మాత్రం అలాంటి ప్రభావం కనిపించనట్టు అందులో తేలింది. భూసంస్కరణ అనగానే మనకు గుర్తొచ్చేది పరిమితి చట్టమే. బతుకు మార్చింది మాత్రం కౌలు చట్టం.

ఆ కౌలు చట్టానికి దక్షిణాదిలో కేరళ తర్వాత చెప్పుకోదగ్గ ఉదాహరణ కర్ణాటకే. బెంగళూరు తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఈ చరిత్ర తెలియదు. తాము ఉంటున్న నేలది కనుక తెలుసుకోవాల్సిన చరిత్ర. 1951లో శివమొగ్గ జిల్లా సాగర ప్రాంతంలోని కాగోడులో కౌలురైతులు సత్యాగ్రహానికి దిగారు. రామమనోహర్ లోహియా అక్కడికి వెళ్లి అరెస్టయ్యారు. 1961లో చట్టం వచ్చింది గానీ పళ్లు లేనిది. దేవరాజ్ అర్సు ముఖ్యమంత్రిగా ఉండగా 1974 మార్చి 1న అమల్లోకొచ్చిన సవరణ అసలు మార్పు తెచ్చింది. ఆ రోజుకు కౌలులో ఉన్న భూములన్నీ ప్రభుత్వపరమయ్యాయి. కౌలుదారు ఫారం 7 నింపి అర్జీ పెట్టుకుంటే, తానే సాగుచేస్తున్నట్టు తేలితే, భూమి అతని పేరున రాస్తారు.

తేల్చేదెవరు? ఈ సవరణకు ప్రాణం ఇక్కడే ఉంది. తాలూకాల్లో భూన్యాయ మండళ్లు వేశారు. అసిస్టెంట్ కమిషనర్ అధ్యక్షుడు, ప్రభుత్వం నియమించిన నలుగురు స్థానిక సభ్యులు, వాళ్లలో షెడ్యూల్డు కులాల లేదా తెగల మనిషి తప్పనిసరి. సివిల్ కోర్టుకు దారి మూశారు. పొరుగు పొలం వాడు వచ్చి, "ఈయనే చేస్తున్నాడు, నేను చూస్తున్నాను" అంటే అది సాక్ష్యం. కౌలు రశీదు ఇవ్వని భూస్వామి ఆ రశీదు లేదనే కారణంతో గెలిచే వీలు తగ్గింది. అర్జీల గడువు పెంచుతూ 1979 జూన్ 30 దాకా తీసుకున్నారు. దక్షిణ కన్నడ, ఉత్తర కన్నడ, శివమొగ్గ జిల్లాల్లో తరతరాలుగా గేణి, అంటే కౌలు, కట్టిన లక్షల కుటుంబాలు సొంత భూమి రైతులయ్యాయి. ఆ ప్రాంతంలో తర్వాతి తరం చదువుల్లో, ఉద్యోగాల్లో కనిపించే మార్పుకు ఈ భూమి ఒక పునాది.

ఈ పద్ధతి కర్ణాటక కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ భూసంస్కరణను ఊరి కమిటీల చేతిలో పెట్టింది. కమిటీలో ఐదుగురు కౌలుదార్లు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత సాగుదార్లు. పేదవాడు అర్జీదారుగా బయట నిలబడకుండా తీర్పరిగా లోపల కూర్చునే లెక్క అది. పశ్చిమ బెంగాల్ 1978లో కోరుదార్ల పేర్లు నమోదు చేసే ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు రెవెన్యూ ఉద్యోగులు సాయంత్రాలు పల్లెల్లోనే శిబిరాలు పెట్టారు. పగలు పనికి పోయే కోరుదారు చీకటి పడ్డాక వచ్చి, పదిమంది ఎదుట తన పేరు చెప్పుకునేవాడు. అలా దాదాపు 14 లక్షల మంది పేర్లు నమోదయ్యాయి. భూమి చేతులు మారలేదు. యజమాని యజమానిగానే ఉన్నాడు. కోరుదారును ఇష్టం వచ్చినప్పుడు వెళ్లగొట్టే వీలు పోయింది, పంటలో వాటా చట్టప్రకారం ఖాయమైంది. ఆ మేరకే దిగుబడి కూడా పెరిగిందని తర్వాతి అధ్యయనాలు చూపించాయి.

కర్ణాటక కథలో మనవాళ్లు నష్టపోయిన భాగమూ ఉంది. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, గౌరిబిదనూరు తాలూకాల్లో ఇళ్లలో తెలుగే. బెంగళూరుకు ఈశాన్యాన ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో కౌలు తక్కువ, కూలి ఎక్కువ. కౌలుదారుకు భూమి ఇచ్చే చట్టం జీతగాడికి, కూలివాడికి ఏమీ ఇవ్వలేదు. దున్నేవాడిదే భూమి అన్న నినాదంలో దున్నేవాడంటే కౌలు కట్టేవాడు. యజమాని మడకకే జీవితమంతా చాకిరీ చేసిన దళితుడు ఆ మాటలోకి రాలేదు. వీళ్లకు వచ్చింది ప్రభుత్వ బంజరు. ఆ భూములను కొనకుండా, అమ్మకుండా 1978లో కర్ణాటక చట్టం చేసింది. అంతకు ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్ కూడా అసైన్డ్ భూముల మీద అలాంటి చట్టమే తెచ్చింది. మంచి చట్టాలే. కానీ బోరు వేసుకోవడానికి అప్పు పుట్టని భూమి, పిల్ల పెళ్లికో ఆసుపత్రికో అవసరం వచ్చేసరికి చట్టం ఉన్నా లేకున్నా చేతులు మారింది. నగరం పెరిగేకొద్దీ దాని ధర పెరిగింది, అమ్మినవాడికి ముట్టింది పాత ధరే. భూమి తిరిగి ఇప్పించమని వచ్చే అర్జీలు సహేతుకమైన గడువులోగా రావాలని 2017లో సుప్రీంకోర్టు అనడంతో ఎన్నో కేసులు కొట్టుడుపోయాయి. 2023లో కర్ణాటక చట్టాన్ని సవరించి ఆ గడువు షరతు తీసేసింది.

ఇక తెలుగు రాష్ట్రాల కౌలు సంగతి. ఆంధ్ర ప్రాంతానికి 1956 కౌలు చట్టం ఉంది. కౌలు రాతపూర్వకంగా ఉండాలి, ఆరేళ్లకు తగ్గకూడదు అంటుంది. తెలంగాణలో 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది. తెలంగాణ సాయుధ పోరాటపు వేడిలో పుట్టిన చట్టమది. కర్ణాటకలోనయితే సైనికుల వంటి కొద్ది మినహాయింపులు తప్ప సాగుభూమిని కౌలుకివ్వడమే నిషిద్ధం. మూడు చోట్లా కౌలు ఆగలేదు. మాట మీదికి మారింది. రెండేళ్లకోసారి కౌలుదారును మార్చడం, ఒకే పొలంలో వరసగా నిలవనీయకపోవడం అలవాటయింది. 1960ల్లోనే వుల్ఫ్ లడెజిన్‌స్కీ ప్రణాళికా సంఘం కోసం తంజావూరు, పశ్చిమ గోదావరి వంటి జిల్లాల్లో కౌలు పరిస్థితులను అధ్యయనం చేశాడు. జపాన్ భూసంస్కరణకు రూపమిచ్చినవాళ్లలో ఆయన ఒకడు. పుస్తకంలో లేని కౌలు ఆయన దృష్టి నుంచి తప్పించుకోలేదు. అరవై ఏళ్లు గడిచాయి. 2019 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదింట నాలుగు కమతాలకు పైగా కౌలు భూమితో కూడినవని తేలింది. దేశంలో ఇంత ఎక్కువగా మరెక్కడా లేదు.

కాగితం మీద లేని ఈ రైతు ఏం పోగొట్టుకుంటాడో వివరంగా చూడాలి, ఎందుకంటే పేదరికం తయారయ్యేది ఈ వివరాల్లోనే. పాసుపుస్తకం ఉన్నవాడికి పంట రుణం ఏడాదికి 7 శాతం వడ్డీకి వస్తుంది, సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. కౌలురైతు ఎరువుల కొట్టులోనో వడ్డీ వ్యాపారి దగ్గరో నూటికి నెలకు రెండు మూడు రూపాయలకు తెస్తాడు, అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. ఒకే చేను, ఒకే పంట. చేను ముఖం చూడని యజమాని మీద వడ్డీ నాలుగు, చేలో నిలబడినవాడి మీద ముప్పై ఆరు. ఈ లెక్కతో పంట పండినా మిగలదు, ఎండితే బస్సెక్కడమే. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబాలకే. 2018లో తెలంగాణ మొదలుపెట్టిన రైతుబంధు ఎకరాకు ఇంతని పట్టాదారు ఖాతాలో పడింది. బెంగళూరులో, హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న పట్టాదారుకూ పడింది, పొలంలో ఉన్న కౌలుదారుకు పడలేదు. అదే ఏడాది వచ్చిన రైతు బీమా 5 లక్షల రూపాయలు కూడా పట్టాదారు చనిపోతేనే. అప్పుల పాలై ప్రాణం తీసుకున్న కౌలురైతు భార్యకు ఆ పథకంలో చోటు లేదు. రైతు పేరుతో ఇచ్చే డబ్బు సేద్యం చేయనివాడికి చేరడం పొరపాటున జరిగిందేమీ కాదు. పథకాన్ని రాసిన తీరే అది.

దీని వెనక తెలంగాణ పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, జరిగిన ఒక మార్పు ఉంది. పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది, కొందరు కాస్తు కాలమ్ అనేవాళ్లు. పొలం ఎవరిదన్నది ఒక గడిలో, ఎవరు చేస్తున్నారన్నది మరో గడిలో. 2017-18 భూరికార్డుల ప్రక్షాళనలో, తర్వాత 2020 అక్టోబరులో వచ్చిన ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డులో ఆ గడి పోయింది. రికార్డు శుభ్రంగా ఉండాలన్నది కారణం. పట్వారీలు ఆ గడిలో చేసిన అక్రమాలూ నిజమే. కానీ నిజాం కాలం నుంచి పేదవాడు తన పేరు చూసుకోగలిగిన ఒకే ఒక్క చోటు అది. దాన్ని సరిచేయాల్సింది పోయి తీసేశారు. కంప్యూటరు వచ్చాక రికార్డు పారదర్శకమయిందని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి కూడా చూడాలి.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2011 చట్టం కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. దానివల్ల భూమి మీద హక్కు రాదని చట్టంలోనే రాసింది. బ్యాంకులు చాలాచోట్ల అప్పివ్వలేదు, అదే సర్వే నంబరు మీద యజమాని ముందే రుణం తీసుకుని ఉన్నాడు కాబట్టి. 2019 చట్టం పంట సాగుదారు హక్కు పత్రం తెచ్చింది. 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం. సమస్య ఆ సంతకం దగ్గరే ఆగింది. సంతకం పెట్టాల్సినవాళ్లలో చాలామంది ఊళ్లో లేరు. ఉన్నా పెట్టరు.

వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1974లో కర్ణాటకలో కౌలుకిచ్చిన చిన్న యజమానులూ, వితంతువులూ భూమి పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ జ్ఞాపకం సరిహద్దు దాటి మన ఊళ్లకూ చేరింది. "ఒకసారి రాసిస్తే ఇక వదలడు" అన్న మాట తెలుగు ఇళ్లలో రెండు తరాలుగా తిరుగుతోంది. మధ్యతరగతి కుటుంబానికి ఆ నాలుగెకరాలే ఆస్తి కావచ్చు, తల్లిదండ్రుల వైద్యానికి అదే ఆధారం కావచ్చు. అయితే ఇదే కుటుంబం బెంగళూరులో ఫ్లాటు అద్దెకు తీసుకున్నప్పుడు 11 నెలల ఒప్పందం మీద సంతకం చేస్తుంది. సొంత ఫ్లాటు అద్దెకిచ్చినప్పుడూ చేస్తుంది. అద్దెకున్నవాడు ఇల్లు కాజేస్తాడన్న భయం ఒప్పందాన్ని ఆపదు, అసలు ఆ భయం పోగొట్టడానికే ఒప్పందం రాసుకుంటారు. ఊరి కౌలు పత్రం కూడా 11 నెలలదే. తేడా ఒక్కటే: అక్కడ రెండో సంతకం పెట్టేవాడు పేదవాడు, తరచుగా తక్కువ కులంగా చూడబడినవాడు. ఇన్నేళ్లుగా ఊళ్లో పెద్దకులం మాటకు ఎదురాడనివాడు తనతో సమానంగా ఒక కాగితం మీద కూర్చోవడమన్నది భూమి పోతుందన్న భయం కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నట్టు కనిపిస్తుంది. కౌలు చర్చల్లో ఈ మాట పైకి రాదు.

నగరం అంచున ఇదే కాగితం ఇంకో రూపంలో ఎదురవుతుంది. 2020లో కర్ణాటక తన భూసంస్కరణల చట్టంలోని 79ఏ, 79బీ సెక్షన్లు తీసేసింది. అంతకుముందు రైతు కానివాళ్లు, వ్యవసాయేతర ఆదాయం ఏడాదికి 25 లక్షలు దాటినవాళ్లు సాగుభూమి కొనే వీల్లేదు. ఆ అడ్డు పోయింది. దొడ్డబళ్లాపుర, చిక్కబళ్లాపుర రోడ్ల పొడవునా ఫామ్‌ల్యాండ్ ప్లాట్ల బోర్డులు దీని తర్వాతే మరీ పెరిగాయి, కొనేవాళ్లలో తెలుగువాళ్లు కూడా తక్కువ కాదు. దేవనహళ్లి తాలూకా చెన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్లలోని 1,777 ఎకరాలను పరిశ్రమల కోసం తీసుకోవాలని ప్రభుత్వం చూసినప్పుడు రైతులు 2022 ఏప్రిల్ నుంచి మూడేళ్లకు పైగా ధర్నాలో కూర్చున్నారు. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణను విరమించుకుంటున్నట్టు ప్రకటించారు. పెద్ద గెలుపు. ఒకవేళ సేకరణ జరిగి ఉంటే పరిహారం ఎవరికి? పహణిలో పేరున్నవాళ్లకు. 2013 కేంద్ర భూసేకరణ చట్టం మాత్రం ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదార్లను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా లెక్కగట్టింది. మన చట్టాల్లో అరుదైన వాక్యమది. మూడేళ్లుగా అక్కడ ఉన్నట్టు చూపడానికి మళ్లీ ఏదో ఒక రాత కావాలి, కౌలుదారుకు లేనిది అదే.

ఊళ్లో కాగితం లేనివాడికి నగరంలోనూ కాగితం ఉండదు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంతో మొదలైన ఏర్పాటు ప్రకారం కట్టడం ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలవుతుంది. ఆ నిధి నుంచి సాయం పొందాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువుతో నమోదు కావాలి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చినవాడికి ఆ రుజువు ఇచ్చేది ఎవరు? కాంట్రాక్టరు ఎవరో కూడా అతనికి తెలియకపోవచ్చు. పొలంలో యజమాని సంతకం, ఇక్కడ పనిచ్చినవాడి సంతకం. పేదవాడి హక్కు ఎప్పుడూ బలవంతుడి కలం దగ్గరే ఆగుతోంది.

ఈ రోజుల్లో భూమి ఎవరికి కావాలి, సేద్యం గిట్టదు కదా అని అడిగేవాళ్లున్నారు. అనంతపురం వాన చూసినవాళ్లు ఆ మాట కాదనలేరు. భూమి పంచినంత మాత్రాన కరువు పోదు. కానీ తన పేరు రాతలో ఉన్న సాగుదారు తక్కువ వడ్డీకి అప్పు తెస్తాడు, పంట పోతే బీమా అడుగుతాడు. నగరానికి వచ్చినా అప్పు తోసుకొస్తే రాడు, కూలి రేటు చూసుకుని వస్తాడు, నచ్చకపోతే వెళ్లిపోతాడు. మేస్త్రితో మాట్లాడే గొంతులోనే ఆ తేడా తెలుస్తుంది.

చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు కోసం ప్రతి సీజన్లో ఉద్యోగి పొలానికి వెళ్తాడు, ఏ పంట వేశారో ఫోన్లో ఫొటోతో సహా ఎక్కిస్తాడు. కర్ణాటకలోనూ పంట సర్వే అలాగే జరుగుతోంది. పొలం దాకా వెళ్లే మనిషి ఉన్నాడు, యంత్రం ఉంది. అక్కడ నిలబడి ఉన్న రైతు పేరును, ఇద్దరు పొరుగు రైతుల మాటతో, యజమాని సంతకంతో పనిలేకుండా ఒక గడిలో రాస్తే చాలు. గ్రామసభలో ఆ జాబితా చదివి వినిపించాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు అక్కడే చెప్పుకోవాలి. ఆ రాతతో యాజమాన్యం మారదని చట్టంలో గట్టిగా చెప్పాలి. పంట రుణం, బీమా, నష్టపరిహారం, పెట్టుబడి సాయం ఆ గడిలోని పేరుకే వెళ్లాలి. భార్యాభర్తలు ఇద్దరూ చేసే పొలమైతే ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇలాంటి చట్టం వచ్చేదాకా ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 2019 సాగుదారు పత్రానికి కావాల్సింది యజమాని సంతకమే. అది తొలకరికి ముందే జరగాలి, లేకుంటే బ్యాంకు అప్పు విత్తే అదనుకు అందదు.